కష్టంలో ఒంటరిగా కూర్చుంటే ధైర్యం వస్తుందా?

"అన్నీ పోయాయనిపించినప్పుడు ఒంటరిగా కూర్చుని ఆలోచించుకుంటే ధైర్యం వస్తుందా, బాధ ఇంకా పెరుగుతుందా?" అని అడిగారు. ధైర్యమే వస్తుంది. కాకపోతే ఆ మనిషిని కూర్చోనివ్వాలి. మన దగ్గర వచ్చిన చిక్కల్లా అదే.

మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుపానుకి కోనసీమలో కొబ్బరి ఎలా పోయిందో ఆ వయసు వాళ్లందరికీ గుర్తే. ఇంకో నాలుగు రోజుల్లో దీపావళి. తెల్లారి చూస్తే మా తోటలో సగం చెట్లు వేళ్లతో సహా పడున్నాయి. నిలబడ్డవాటికీ ఆకులు విరిగి వేలాడుతున్నాయి. వరి పోతే దాళ్వాకి, అంటే రెండో పంటకి, చూసుకోవచ్చు. దేశవాళీ కొబ్బరి నాటితే కాపుకి రావడానికే ఆరేడేళ్లు పడుతుంది.

నాన్న రోజూ పొద్దున్నే వెళ్లి తోటలో నీళ్లు పారే బోదె గట్టు మీద కూర్చునేవారు. ఎవరితోనూ మాట లేదు. పరామర్శకి వచ్చిన ప్రతివాళ్లూ వాళ్ల చెట్లెన్ని పడ్డాయో చెప్పి, "మనకన్నా అన్యాయమైపోయినవాళ్లు ఉన్నారండీ" అని వెళ్లేవారు. ఆ మాట నాకు ఇప్పటికీ గిట్టదు. పక్కవాడి కష్టం చూసి మనం తేరుకోవడమేమిటి? పెదనాన్నయితే "ఇలా కూర్చుంటే చెట్లు లేస్తాయేంట్రా, అన్నీ కొట్టించేసి టోకున అమ్మేద్దాం" అని రోజూ పోరు. అమ్మ ఒక్కతే టీ గ్లాసు పక్కన పెట్టి, ఏమీ అనకుండా వచ్చేసేది.

ఒకరోజు నాన్న నన్ను పిలిచి, "ఆ చెట్టు మొవ్వు చూడు" అన్నారు. ఆకులన్నీ విరిగిపోయినా నడిమధ్య కొత్తాకు పుట్టే మొవ్వు నిటారుగా ఉంది. లేత పసుపు రంగు ఆకు ఒకటి జానెడు పైకొచ్చింది. మొవ్వు విరిగితే చెట్టు నిలబడి ఉన్నా లాభం లేదు, మొవ్వు బాగుంటే తిరిగి చిగురిస్తుంది. ఆయన అన్నాళ్లూ చూస్తున్నది అదే. ఆ సాయంత్రం ఉంచాల్సిన చెట్లన్నిటికీ సున్నం బొట్టు పెట్టించారు. ఒరిగిన పడుచు చెట్లకి మొదట్లో మట్టి ఎగదోయించి, వెదురు బొంగులు ఊతం పెట్టించారు. నా కాలేజీ ఫీజులు ఆ చెట్ల కాయల దింపు డబ్బులతోనే కట్టారు.

2022 జూలైలో గోదావరికి వరదొచ్చి ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చినప్పుడు ఏటి మధ్య లంకలో నా అరటి మునిగింది. నీరు తీసేసరికి దుంపలు కుళ్లిపోయాయి. నేనూ ఫోను ఇంట్లో పడేసి ఏటిగట్టు మీద కూర్చున్నాను. ఇప్పుడు ఫోనే పెద్ద శత్రువు. కాసేపు కూర్చుందామంటే "లే, పరిగెత్తు" అని అరిచే వీడియో ఎవరో ఒకరు పంపిస్తారు. అరటి పోయిన చోట ఒండ్రు మీద కూరగాయలు వేద్దామని ఆ గట్టు మీదే తేల్చుకున్నాను. మాటలతో ఓదారిస్తే తేరుకున్న మనిషిని నేను ఒక్కరిని కూడా చూడలేదు.

తిండీ నిద్రా మానేసి కూర్చోవడం మాత్రం వేరు, అప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. అలాంటిది కాకపోతే, పోయినదీ మిగిలినదీ రెండూ కళ్లకి కనిపించే చోట కూర్చోండి. కొన్నాళ్లపాటు ఏమీ అడగొద్దని ఇంట్లోవాళ్లకి ముందే చెప్పేయండి.