పెళ్లి ఫోటోలన్నీ ఒకే బాక్సులో పెడితే చాలా?

ప్రశ్న: మావారికి కాజీపేటలో ఫోటో స్టూడియో ఉంది. ఎడిటింగ్ అంతా ఇంట్లోనే. రెండు కంప్యూటర్లు, ఒక ల్యాప్‌టాప్. పెళ్లిళ్ల సీజన్‌లో ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లో అటూ ఇటూ మోయడమే సరిపోతోంది. ఏది కొత్త కాపీయో తెలియక ఒకటే టెన్షన్. అందరూ వాడుకునేలా నాస్ బాక్స్ (ఇంటి నెట్‌వర్క్‌కు తగిలించే డిస్కుల పెట్టె) కొని, 4 టీబీ డిస్కులు రెండు పెడితే ఇక భయం లేదంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, కాజీపేట

జవాబు: కొనండమ్మా, మీ పనికి అది సరైనదే. ‘ఇక భయం లేదు’ అన్న మాట మాత్రం నమ్మకండి.

రెండు డిస్కులను మిర్రర్‌గా, అంటే రెయిడ్ 1లో పెడితే రెండింటిలోనూ ఒకే సమాచారం ఉంటుంది. అందుకే మీకు దక్కేది 8 కాదు, సుమారు 4 టీబీ జాగానే. ఒక డిస్కు చెడిపోతే రెండోదానితో పని నడుస్తుంది. అంతవరకే. పొరపాటున ఒక ఫోల్డర్ డిలీట్ చేస్తే రెండింటిలోనూ పోతుంది.

2023 జూలై వానలకు హనుమకొండలో నయీంనగర్ నాలా పొంగినప్పుడు మా బంధువుల ఇంట్లోకి నీళ్లొచ్చాయి. బల్ల కింద ఉన్న బాక్సు, బ్యాకప్ అని దాని పక్కనే పెట్టుకున్న డిస్కు, రెండూ బురదలోనే దొరికాయి. వాళ్ల పాప చిన్నప్పటి బతుకమ్మ వీడియోలు వాటిలోనే ఉండేవి. ఆ డిస్కును టవల్‌లో చుట్టుకొని తెచ్చి నా ముందు పెట్టారు. ఏం చెప్పాలో తోచలేదు. ఆ రోజు నుంచి ఎవరడిగినా ముందు ఇదే చెబుతున్నాను: ఇంకో కాపీ వేరే ఇంట్లో ఉండాలి. ఒక యూఎస్‌బీ డిస్కు కొనండి. వారానికోసారి కాపీ చేసి, ఊడదీసి, స్టూడియోలోనో మీ అమ్మగారింట్లోనో పెట్టండి. ఎప్పుడూ తగిలించే ఉంచితే, వైరస్ వచ్చిన రోజు దాన్నీ వదలదు.

ఇక వేగం సంగతి. బాక్సును, ఎడిటింగ్ కంప్యూటర్లను వైఫై మీద వదలకుండా రౌటర్‌కు కేబుల్‌తో కలపండి. రౌటర్ పోర్టులు గిగాబిట్‌వో (అంటే 1000 ఎంబీపీఎస్ వేగానివో) కాదో ముందే చూసుకోండి. 60 జీబీ పెళ్లి ఫోల్డర్ గిగాబిట్ మీద పది నిమిషాల్లో ఎక్కుతుంది. 100 ఎంబీపీఎస్ పోర్టు అయితే గంటన్నర పడుతుంది. మా ఇంట్లో గిగాబిట్ రౌటర్ ఉండి కూడా మొదట్లో వేగం రాలేదు. రెండు రోజులు బాక్సునే అనుమానించాను. చివరికి చూస్తే కేబుల్ కొనలో ఒక తీగ ప్లగ్‌లో సరిగా బిగుసుకోలేదు. గిగాబిట్‌కు ఎనిమిది తీగలూ కావాలి, 100కు నాలుగు చాలు. అందుకే కనెక్షన్ తెగకుండా నెమ్మదించింది. క్యాట్ 5ఈ కేబుల్ మీకు సరిపోతుంది.

బాక్సుకు చిన్న యూపీఎస్ తప్పనిసరి. ఫైలు రాస్తుండగా కరెంటు పోతే అది పాడయ్యే ప్రమాదం ఉంది. బయటి నుంచి ఫోన్‌లో చూసుకోవడానికి రౌటర్‌లో పోర్టు (ఇంటర్నెట్ నుంచి లోపలికి వచ్చే దారి) తెరిచిపెడతామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, ఆ దారిలో ముక్కూమొహం తెలియనివాళ్లూ రావచ్చు. ఇంట్లో ఒక్కొక్కరికీ వేరే యూజర్, వేరే పాస్‌వర్డ్ పెట్టండి. పిల్లల లాగిన్‌కు పెళ్లిళ్ల ఫోల్డర్ చూడటానికే తెరుచుకోవాలి, చెరిపే వీలుండకూడదు.

అన్నీ ఎక్కించాక పాత పెన్‌డ్రైవ్‌లు వెంటనే ఖాళీ చేయకండి. ముందు వేరే ఇంట్లో పెట్టే ఆ యూఎస్‌బీ డిస్కును ల్యాప్‌టాప్‌కు తగిలించి, ఏదో ఒక పెళ్లి వీడియో చివరిదాకా ఆడుతోందో లేదో చూడండి.