తోకకప్పల గుంపును గమనించే ముందు

చిరంజీవి సుధకు, పెదనాన్న ఆశీస్సులు.

ప్రాజెక్టుకి తోకకప్పల గుంపులను ఎంచుకున్నావని చదివి చాలా సంతోషించాను. ఏం కొలవాలో తెలియక టెన్షన్‌గా ఉందన్నావు. కొలతల మాట తర్వాత. నువ్వు చూస్తున్నవి ఒకదాన్నొకటి వెతుక్కుని చేరాయా, లేక దేనికది వచ్చి ఒకేచోట పోగయ్యాయా? ముందు అది తేల్చుకో. అది తేలకుండా ఎన్ని లెక్కలు వేసినా ఉపయోగం లేదు.

గోదురు కప్ప పిల్లల్నే తీసుకో. నల్లగా, ఒడ్డువార లోతు లేని నీళ్లలో ముద్దలా కనిపిస్తాయి. చూడగానే ఎంత ఐకమత్యమో అనిపిస్తుంది. కానీ అక్కడ ఎండ పడి నీళ్లు వెచ్చగా ఉంటాయి. వెచ్చటి నీళ్లలో అవి త్వరగా ఎదుగుతాయి. ఎండిపోబోయే గుంటలో పుట్టిన జీవికి అది చావుబతుకుల విషయం. నాచు కూడా అక్కడే ఎక్కువుండొచ్చు. కాబట్టి థర్మామీటరు లేకుండా చెరువు దగ్గరికి వెళ్లకు. గుంపు ఉన్నచోట, దాని పక్కన, కాస్త లోతులో, మూడు చోట్లా చూసి రాసుకో. మబ్బు పట్టిన రోజు కూడా వెళ్లు. ఎండ జరిగినకొద్దీ గుంపూ జరుగుతుంటే ముందు వేడినే అనుమానించు. ఇందులో ఒక మెలిక ఉంది. నల్లటి ఒళ్లు దట్టంగా చేరితే ఎండను పీల్చుకుని చుట్టూ ఉన్న నీటిని అవే కొంత వెచ్చబెట్టగలవు. అందుకని గుంపు చేరకముందు, పొద్దున్నే, అదే చోట ఉష్ణోగ్రత చూసి ఉంచుకో.

ఇక దిక్కు. అన్నీ తలో వైపు తిరిగి మేస్తుంటే అది ఉత్త గుంపు. ఒకే వైపు తలలు పెట్టి, మధ్య దూరం పాటిస్తూ కదిలితే దాని సంగతి వేరు. ఆఫ్రికాకి చెందిన జెనోపస్ కప్ప పిల్లలు ఇందుకు మంచి ఉదాహరణ. నీటి మధ్యలో తల కిందికి వాల్చి, తోక కొసను ఆడిస్తూ, నీటిలోని సన్నటి నాచును వడగట్టి తింటూ, దాదాపు సమాంతరంగా నిలుస్తాయి. తోకకప్పలకు చూపుతో పాటు, చేపలకు ఉన్నట్టే, నీటి కదలికను పసిగట్టే పార్శ్వరేఖ కూడా ఉంటుంది. అందువల్ల వెలుతురులోనూ, వెలుతురు బాగా తగ్గించీ పోల్చి చూస్తే బాగుంటుంది.

ఫొటో నేరుగా పైనుంచి తియ్యి. నీ నీడ నీళ్ల మీద పడకూడదు. తల దిక్కును డిగ్రీల్లో రాసేటప్పుడు మామూలు సగటు వాడకు. 350, 10 డిగ్రీల వైపు చూస్తున్న రెండు పిల్లలూ దాదాపు ఉత్తరానికే తిరిగి ఉన్నాయి. మామూలు సగటు తీస్తే 180 వచ్చి, దక్షిణమని చెబుతుంది. కోణాలకు వేరే గణితం ఉంది. మీ స్టాటిస్టిక్స్ సార్‌ని ఇప్పుడే అడుగు.

తోబుట్టువుల్ని గుర్తుపట్టడం గురించి అడిగావు. నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. 1979లో వాల్డ్‌మన్, ఆడ్లర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు, అమెరికా గోదురు కప్ప పిల్లలు తోబుట్టువుల దగ్గరే ఎక్కువగా చేరతాయని చూపించారు. కాస్కేడ్స్ కప్ప అనే మరో అమెరికా జాతి మీద పనిచేసిన బ్లౌస్టైన్, ఓహారా ఇంకా ముందుకెళ్లారు. ఒంటరిగా పెంచిన పిల్లలు కూడా తోబుట్టువుల వైపే మొగ్గాయి. స్పేడ్‌ఫుట్ కప్పల్లో మాంసం తినే రకం పిల్లలు మాత్రం తోబుట్టువులకు దూరంగా, పరాయివాటితో ఉంటాయి. తినబోయేది తనవాళ్లను కాకూడదు కదా! ఇలాంటిది చదివినప్పుడల్లా ఆ బొట్టంత ప్రాణి మీద నాకు గౌరవం పెరుగుతుంది.

నువ్వు చేస్తే పొడవాటి ట్రే తీసుకుని, రెండు చివర్లా జాలీ వెనక ఒకవైపు తోబుట్టువుల్ని, మరోవైపు పరాయివాటిని ఉంచు. మధ్యలో ఒక్కదాన్నే వదులు. తర్వాత వైపులు మార్చు. ప్రతిసారీ ట్రే కడిగి నీళ్లు మార్చు, వాసన మిగిలితే ఫలితం పాడవుతుంది. వయసు రోజుల్లో కాకుండా గోస్నర్ దశల్లో, అంటే ఒంటి ఎదుగుదలను బట్టి ఇచ్చే అంకెల్లో, రాయి. ఒకే గుడ్ల దండ నుంచి వంద పిల్లల్ని పరీక్షించి వంద ఫలితాలు అనుకోకు. అది ఒక కుటుంబం కథే. ఎన్ని వేర్వేరు గుడ్ల దండలు దొరికితే అంత బలం.

పట్టేటప్పుడు మెత్తటి వల వాడు. గోదురు కప్ప పిల్లల చర్మం చిట్లితే నీటిలోకి ఒక రసాయనం వెలువడి, మిగతావి బెదిరి చెదిరిపోతాయి. బకెట్‌లో ఒక్కటి గాయపడ్డా ఆ నీళ్లలో ఆ రోజు చూసినదేదీ లెక్కలోకి తీసుకోకు. వాటి చెరువు నీళ్లే వాడు, కుళాయి నీళ్లలోని క్లోరిన్ చంపేస్తుంది. ఒక చెరువు పిల్లల్ని ఇంకో చెరువులో వదలకు. వల, చెప్పులు కడిగి ఆరబెట్టాకే మరో చోటికి వెళ్లు. కప్పల్ని తుడిచిపెడుతున్న కైట్రిడ్ శిలీంధ్రం తడి సామాన్లతోనూ పాకుతుంది. పట్టడానికి అనుమతి కావాలేమో మీ విభాగంలో ముందే కనుక్కో.

మొదటి వారం వల ముట్టుకోకుండా ఉష్ణోగ్రతలు, ఫొటోలు మాత్రం పోగుచెయ్యి. ఆ పట్టిక పంపితే ట్రే ఎంత పొడవుండాలో కలిసి ఆలోచిద్దాం.

మీ పెదనాన్న