సినిమా సందేహాలు: ముందు సాంబారు లెక్క చూడండప్పా

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో సగం "అన్నా ఏ కెమెరా కొనాలి" అనే. దానికి పోయిన నెలే చెప్పినా, కొనొద్దు, అద్దెకు తెచ్చుకోండి, అది కూడా అన్నీ కుదిరినాక ఆఖర్న. మళ్లా అదే అడిగితే నేను మళ్లా అదే చెప్తా. మిగతా వాటిల్లో కొన్ని ఇక్కడ.

అన్నా, మేం నలుగురు ఫ్రెండ్స్. చీటీ ఎత్తిన డబ్బులు, గోల్డ్ లోను అంతా కలిపి 3 లక్షలు ఉండాది. గంటా నలభై నిమిషాల సినిమా తీయాలని. తిరుమల ఘాట్ రోడ్డులో టాక్సీ ఛేజ్, వానలో ఫైటు, ఇంటర్వెల్‌కి బస్సు యాక్సిడెంట్. ఈ డబ్బుల్లో అవుతుందా?
*ఓ పాఠకుడు, పుత్తూరు*

సినిమా అవుతుంది తమ్ముడూ, ఈ కథ అవ్వదు.

కొండ మీద సినిమా షూటింగు మాట మర్చిపో, డ్రోన్ అయితే అసలే వద్దు, ఎగరేసి విజిలెన్స్ వాళ్లకి దొరికిపోయినోళ్ల వార్తలు పేపర్లో మనమే చదవతా ఉంటాం. కానీ రాత్రి పూట తిరుపతిలో ఏదో ఒక మిద్దె ఎక్కి కొండ వైపు చూడు, ఘాట్ రోడ్డులో బండ్ల లైట్లు మెల్లగా కదలతా ఉంటాయి. మీ టాక్సీ డ్రైవర్ పెండ్లాం మిద్దె మీద ఆరేసిన బట్టలు తీస్తా ఆ లైట్ల వైపు చూస్తా ఫోన్ చేస్తా ఉందనుకో, ఆయన ఎత్తడంలేదు, ఇంకోసారి చేసింది, ఎత్తలా, ఒక లైటు ఒకచోట ఆగిపోయింది. ఛేజ్ కంటే ఇదే నాకు ఎక్కువ భయంగా ఉండాది, దీనికయ్యే ఖర్చు మిద్దె ఓనరు ఇంటికి ఒక స్వీటు బాక్సు. బస్సు యాక్సిడెంట్ కూడా అంతే, బస్సు అక్కర్లేదు, ఆ వార్త తెలిసిన మనిషి మొహం చాలు.

వాన సంగతి. ట్యాంకరు, పైపులు, ఒక్కొక్కరికి మూడు జతల బట్టలు, తడిసిన జుట్టు ప్రతి షాటులో ఒకే మాదిరి కనబడే కంటిన్యూటీ, పైగా రెండో రోజుకి హీరోకి జొరం. మనకు నవంబర్లో వాన ఎట్లొస్తుందో నీకు తెలీదా, 2021 నవంబర్లో తిరుపతి వీధుల్లో నీళ్లు ఏరు మాదిరి పారింది మర్చిపోయినావా. వానే కావాలంటే నవంబర్ దాకా ఆగి సన్‌షేడ్ కింద నిలబడి తీసుకో, ఫైటు మాత్రం ఎండలో కొట్టుకోండి.

ఇప్పుడు అసలు లెక్క. మీ యూనిట్ ఎంత తగ్గించినా 12 మంది అనుకుందాం, 14 రోజులు. రెండు పూటలా భోజనం, పొద్దున టిఫిను, నాలుగు టీలు, మనిషికి రోజుకి 250 అనుకున్నా 42,000 అయింది. ఇంకా పెట్రోలు లేదు, దూరం నుంచి వచ్చినోళ్లకి రూము లేదు, సీన్ చూడ్డానికి వచ్చి భోజనం టైముకి కరెక్టుగా వరసలో కూర్చునే మీ బాబాయి వాళ్లు లేరు. నా మొదటి సినిమాకి నేను లెన్సుల అద్దె పైసాతో సహా రాసుకున్నా గానీ సాంబారు లెక్క రాసుకోలా. ఐదో రోజు నుంచి మూడు పూటలా పొంగలే పెట్టినా, ఏడో రోజు ఫోకస్ చూసే తమ్ముడు ఊర్లో పనుందని చెప్పి పోయినోడు ఇంతవరకు రాలేదు. ఆ సినిమాలో సెకండాఫ్ కొంచెం మసకగా ఉంటుంది, చూసినోళ్లు అది స్టైల్ అనుకున్నారు, నేనూ సరేలే అనుకోనిచ్చినా.

కాబట్టి రాయకముందే ఒక తెల్ల కాగితం మీద మీ నలుగురికీ ఊరికే దొరికేవి రాసుకోండి, మామ మామిడి తోట, ఫ్రెండు జిరాక్స్ అంగడి, తాతల నాటి పెంకుటిల్లు, కోళ్లఫారం, ఏదున్నా. మూడు చోట్లకి మించి కథ పోకూడదు, ఎందుకంటే ఒక చోట నుంచి ఇంకో చోటికి సామాను మార్చినప్పుడల్లా రెండు గంటలు నేలపాలు, మధ్యాన్నం భోజనం అయినాక మారిస్తే ఆ పూటంతా పోయినట్టే. పైగా మీది పుత్తూరు గదా, విరిగిన ఎముకకి కట్టు కట్టించుకోడానికి ఎక్కడెక్కడి నుంచో మనుషులు వస్తారు. కట్టు కోసం బెంచీ మీద కూర్చున్న ఇద్దరు, ఒకడు కొట్టినోడు, ఒకడు కొట్టించుకున్నోడు, ఇద్దరికీ చెయ్యి విరిగింది, ఇద్దరూ ఒకే బస్సులో ఊరికి తిరిగి పోవాల. కథ ఊరికే ఇచ్చేసినా, తీస్తే టైటిల్స్‌లో పేరు కూడా వద్దు.

జనం దగ్గర చందాలు ఎత్తి తీయొచ్చా అన్నా?
*ఓ పాఠకుడు, పీలేరు*

తీయొచ్చు. 1976లో వచ్చిన శ్యామ్ బెనగళ్ 'మంథన్'కి గుజరాత్ పాల రైతులు 5 లక్షల మంది తలా 2 రూపాయలు వేసినారు. కానీ అది వాళ్ల కథ, వాళ్ల పాల సంఘం కథ, వెనకాల వాళ్లని ఒక తాటి మీదికి తెచ్చిన సంఘం ఉండాది. మీ లవ్ స్టోరీకి ఊరు ఎందుకు డబ్బివ్వాలో మీరు ముందు చెప్పగలగాల. ఇచ్చినోళ్ల పేర్లు, ఎంత ఇచ్చినారు అనేది నోట్‌బుక్కులో రాసి పెట్టండి, లాభం వస్తే ఇస్తాం అని మాత్రం నోరు జారొద్దు.

మాది చిత్తూరు పక్కన పల్లె అన్నా, టీచరుగా చేస్తున్నా. మా ఇంట్లో మాట్లాడినట్టే డైలాగులు రాస్తే, హైదరాబాద్‌లో ఉన్న తెలిసినాయన ఇది కామెడీ యాస, సీరియస్ సినిమాకి పనికిరాదు, మామూలు తెలుగులో రాయండి అన్నాడు. మార్చాలా?
*ఓ పాఠకురాలు*

మార్చొద్దు చెల్లెమ్మా, ఆయనకి మాత్రం ఒక దండం పెట్టు.

ఆయన తప్పు కూడా కాదులే. సీమ అనంగానే సినిమాల్లో తొడ కొట్టి అరిచే భాష ఒకటి అలవాటు చేసినారు, మన చిత్తూరు వైపు మాట దానికి సంబంధమే లేదు, మనది సాగదీసి, మధ్యలో అరవం కలిపి, కోపం కూడా అప్పా అబ్బా అంటానే చూపించే మాట. "యాడికి పోతా ఉండావు" అనేది అమ్మ అడిగితే ఒకటి, మొగుడు అడిగితే ఒకటి. దాన్ని "ఎక్కడికి వెళ్తున్నావు" చేస్తే అడిగింది ఎవురో కూడా తెలీదు. కానీ ఒక జాగ్రత్త, యాసంటే ప్రతి మాటకి చివర అప్పా తగిలించడం కాదు, అట్లా చేస్తే మనమే మనల్ని ఎక్కిరించుకున్నట్టు ఉంటుంది. మీ అమ్మ వాళ్లు చింతపండు ఒలిచేటప్పుడు వాళ్లకి ముందే చెప్పి, ఫోన్ పక్కన పెట్టి ఒక గంట రికార్డు చేసుకో, తర్వాత విను, వాళ్లు అసలు విషయం ఎప్పుడూ నేరుగా చెప్పరు, పక్కింటి ఆమె కోడలి గురించి మాట్లాడతా నీ పెళ్లి సంగతి చెప్తారు. అదే డైలాగు.

రాసేటప్పుడు మనోళ్ల పాత పద్ధతే మంచిది, కాగితం మధ్యలో గీత, ఎడమ పక్క జరిగేది, కుడి పక్క మాటలు. రాసినాక కుడి పక్క చెయ్యి అడ్డం పెట్టి ఎడమ పక్క మాత్రం చదువు. అప్పటికీ కథ అర్థమైతే సగం డైలాగులు కొట్టేయొచ్చు.

యాక్టర్లు ఎవరూ దొరకరని కూడా రాసినావు. మన జిల్లాలో ధర్మరాజుల గుడి ఉన్న ఊర్లో భారతం జరుగుతుంది గదా, పగలు హరికథ, రాత్రి వీధి నాటకం, అర్జునుడు తపస్సు మాను ఎక్కేది, దుర్యోధనుడు పడేది. ఆ నాటకం ఆడేవాళ్లని మించిన జ్ఞాపకశక్తి ఎవరికుంది, రాత్రంతా పద్యం మర్చిపోరు. చిత్తూరు నాగయ్య గారు పుట్టింది రేపల్లెలో, ఇంటిపేరు మాదిరి చిత్తూరు వచ్చింది ఇక్కడి నాటకాల వల్లే. ఒకటే ఇబ్బంది, వాళ్లకి మైకు లేకుండా వెయ్యి మందికి వినిపించి అలవాటు, క్లోజప్‌లో కూడా అట్లే కనుబొమ్మలు ఎగరేస్తారు. తగ్గించు అని చెప్తే తగ్గదు. చేతికి ఏదైనా పనివ్వు, బియ్యంలో రాళ్లు ఏరమను, లాంతరు తుడవమను, ఆ పని చేస్తా మాట చెప్పమను, మొహం దానంతటదే సద్దుమణుగుతుంది. నేను చూసినా.

సినిమాలో అన్నమయ్య కీర్తన వాడొచ్చా? పాతది గదా, కాపీరైట్ ఉండదంట.
*ఓ పాఠకుడు, శ్రీకాళహస్తి*

సగమే నిజం. అన్నమయ్య 1408లో పుట్టి 1503లో పోయినారు, రాగిరేకుల మీద ఉన్న ఆ సాహిత్యం మీద ఎవరికీ హక్కు లేదు. కానీ మనం ఇప్పుడు వినే వరసలు చాలా వరకు రాళ్లపల్లి అనంతకృష్ణ శర్మ, నేదునూరి కృష్ణమూర్తి లాంటి వాళ్లు 20వ శతాబ్దంలో కట్టినవి, వరస కట్టినాయన పోయినాక కూడా 60 ఏళ్ల దాకా హక్కు ఉంటుంది. పైన రికార్డింగు హక్కు వేరే, క్యాసెట్ కంపెనీది, అది విడుదలైనప్పటి నుంచి 60 ఏళ్లు. యూట్యూబ్‌లో దించుకుని పెట్టేస్తే రెండు పక్కలా ఇరుక్కుంటావు. తిరుపతి సంగీత కాలేజీలో చదివే పిల్లలెవరినైనా అడిగి, సాహిత్యం తీసుకుని కొత్త వరస కట్టించుకుని పాడించుకో, డబ్బులు ఎంతో కొంత ఇచ్చి కాగితం మీద సంతకం తీసుకో. స్నేహం ఉందిలే కాగితం ఎందుకు అంటావు, సినిమా ఆడితే స్నేహానికే ముందు జ్ఞాపకాలు వస్తాయి.

కథ చెప్తే కొట్టేస్తారని భయంగా ఉంది.
*పేరు వద్దన్నారు, రేణిగుంట*

ఐడియాకి కాపీరైట్ లేదు, ఆ ఐడియాని నువ్వు రాసిన తీరుకే ఉంది, ఇది సుప్రీంకోర్టు 1978లోనే చెప్పేసింది. కాబట్టి పూర్తిగా రాయి, రాసినాక కాపీరైట్ ఆఫీసులో 500 రూపాయలు కట్టి రిజిస్టర్ చేయించుకో. రాయకుండా టీ అంగట్లో చెప్పుకుంటా తిరిగిన కథకి మాత్రం నేనే కాదు ఎవరూ ఏం చేయలేరు.

ఫోన్‌తో తీస్తుంటే ట్యూబ్‌లైట్ కింద గీతలు గీతలుగా వస్తోంది.
*ఓ పాఠకుడు, నగరి*

మన కరెంటు 50 హెర్ట్జ్, లైటు దాని లెక్కనే మినుకుమంటుంది, అందుకని షట్టర్ స్పీడు 1/50 పెట్టు, ఎండలో ఎక్కువ కావాలంటే అప్పుడు మార్చుకో. ఆటో మోడ్ ఆపేయి. అప్పటికీ వస్తే ఆ చవక ఎల్ఈడీ బల్బు పీకి వేరేది పెట్టు, అది కెమెరా తప్పు కాదు.

గీతలకంటే సౌండు గురించి అడిగి ఉంటే బాగుండేది, ఎవరూ అడగరు. నేను ఒకసారి డిసెంబర్ ఆఖర్లో తెల్లారుజాము సీన్లు పెట్టుకున్నా, లైటు నీలంగా బాగుంటుందని, మొగుడూ పెళ్లాం విడిపోయే సీను. నాలుగున్నరకి కెమెరా ఆన్, పక్క వీధి గుళ్లో తిరుప్పావై మొదలైంది. ధనుర్మాసం అని నాకు తెలీదా, తిరుపతిలో పుట్టి పెరిగినోణ్ణి, అయినా గుర్తు రాలా. మైకు ఆపమని ఎట్లా అడుగుతాం, అడిగే మొహం కూడా లేదు. నాలుగు రోజులు అదే టైములో తీసి, చివరికి అంతా డబ్బింగు చెప్పించినా, డబ్బింగు థియేటర్ అద్దె, ఆ అమ్మాయి బెంగుళూరు నుంచి రావడానికి బస్సు చార్జీ, అంతా కలిపితే చొక్కాకి తగిలించే మంచి లేపల్ మైకులు రెండు కొనుక్కోవచ్చు. లొకేషన్ చూసేటప్పుడు కళ్లు మూసుకుని పది నిమిషాలు కూర్చోండి, మీరు షూట్ చేయబోయే టైములోనే. షూట్ అయినాక అందర్నీ నోరు మూసుకోమని ఆ గది నిశ్శబ్దం ఒక నిమిషం రికార్డు చేసుకోండి, ఎడిటింగులో అతుకులు కప్పడానికి అదే దిక్కు.

రంగంపేట పశువుల పండగ మా ఫోన్లలో షూట్ చేసినాం, కథలో పెట్టుకోవచ్చా? అయినాక యూట్యూబ్‌లో వేసేస్తే సరిపోతుందా?
*ఓ పాఠకుడు, చంద్రగిరి*

థియేటర్లో వేయాలంటే సెన్సార్ కావాల, తెర మీద జంతువు కనబడిందంటే వాళ్లు జంతు సంక్షేమ బోర్డు ఎన్ఓసీ, అంటే అభ్యంతరం లేదనే కాగితం అడుగుతారు, ఎద్దుల మీద పడి కొమ్ములకి కట్టిన పలకలు లాగే సీనుకి అది ఎంత కష్టమో నువ్వే ఊహించుకో. ఓటీటీకి, యూట్యూబ్‌కి సెన్సార్ సర్టిఫికెట్ అక్కర్లేదు, అట్లని జంతువుల చట్టం లేకుండా పోదు. నా మాట వింటే పండగ శబ్దం పెట్టుకుని, గోడ మీద కూర్చుని చూసే జనం మొహాలు పెట్టుకో.

యూట్యూబ్ మాత్రం తొందర పడొద్దు. చాలా ఫెస్టివల్స్ ముందే ఆన్‌లైన్లో పెట్టిన సినిమా తీసుకోవు, గోవాలో జరిగే అంతర్జాతీయ ఫెస్టివల్ ఇఫీ నవంబర్లో, షార్ట్‌లు డాక్యుమెంటరీలకి కేరళలో వేరే ఫెస్టివల్ ఉంది, ముందు వాటి రూల్స్ చదువు. డాలర్లలో ఫీజు తీసుకుని ప్రతి నెలా అందరికీ అవార్డులిచ్చే ఆన్‌లైన్ ఫెస్టివల్స్ ఉన్నాయే, అవార్డు గుర్తుగా ఇచ్చే ఆకుల బొమ్మ పోస్టరు మీద వేసుకోడానికి తప్ప దేనికీ పనికిరావు. మా ఫ్రెండొకడి దగ్గర అట్లాంటివి పదకొండు ఉన్నాయి, సినిమా ఇంకా వాళ్ల అమ్మ చూడలా.

అయ్యా, నేను చదువుకున్నోణ్ణి కాదు, మా చిన్నోడితో రాయిస్తా ఉండా. మా పెద్దోడు ఇంజనీరింగ్ అయిపోయినాక ఉద్యోగానికి పోకుండా సినిమా తీస్తానంటాడు. నాకు ఒక బొలేరో ఉంది, మదనపల్లె మార్కెట్‌కి టమాటా తోలుతాను. అది అమ్మి డబ్బివ్వమంటాడు. మీరే చెప్పండి సామీ.
*ఓ తండ్రి, పలమనేరు వైపు*

పెద్దాయనా, బండి అమ్మొద్దండి, అది మాత్రం గట్టిగా చెప్తా ఉండా. ఈ పేజీ మీ వాడికే ఇచ్చి చదివించండి, పైన పుత్తూరు తమ్ముడికి రాసింది రెండు సార్లు. అమ్మితే ఆ డబ్బు నెలలో అయిపోతుంది, బండి ఉంటే సినిమాకి సామాను మోస్తుంది, రాత్రికి యూనిట్‌ని ఇంటికి దించుతుంది, వెనకాల కెమెరా కట్టుకుంటే ట్రాలీ షాటు కూడా వస్తుంది, తెల్లారి మళ్లా టమాటాకి పోతుంది. పన్నెండు నిమిషాల షార్ట్ ఒకటి ముందు తీసి మీకు చూపించమనండి, డీజిల్ ఖర్చు మాత్రం మీరు పెట్టండి. తెల్లారుజామున రెండు గంటలకి మార్కెట్ దారిలో మీ పక్క సీట్లో కూర్చుని నాలుగు ట్రిప్పులు తిరగమనండి, ఆ నాలుగు ట్రిప్పుల్లో కథ దొరక్కపోతే అప్పుడు ఉద్యోగం సంగతి మాట్లాడుకోవచ్చు.

ఇంకోటి అడగొచ్చో లేదో గానీ, ఆ బండి వచ్చే నెల రెండో ఆదివారం ఖాళీగా ఉంటుందా? మీ వాడికి కాదు, నాకే కావాల. డీజిలు నాది, మీకు భోజనం కూడా పెడతాం. పొంగలి కాదులెండి.