తాతగారి ఉత్తరాలు కూర్చే ముందు

విజయనగరం

చి॥ అమ్మాయికి ఆశీస్సులు.

మీ తాతగారి ఉత్తరాలతో పుస్తకం వేద్దామనుకుంటున్నానని రాశావు. చాలా సంతోషం. ఒక్క సంగతి ముందే గుర్తుపెట్టుకో. మీ ఇంట్లో ఉన్నవి ఆయనకు వచ్చిన ఉత్తరాలు. ఆయన రాసినవి వేరేవాళ్ల ఇళ్లలో ఉన్నాయి. నువ్వు వెతకవలసినవి అవే.

దారి మాత్రం మీ పెట్టెలోనే దొరుకుతుంది. వచ్చిన ప్రతి ఉత్తరమూ చదివి ఒక పట్టీ రాసుకో: రాసినవారి పేరు, ఊరు, తేదీ. ‘తమరి లేఖ అందినది’ అని మొదలైతే ఆ ఇంటికి తాతగారి ఉత్తరం ఒకటి వెళ్లినట్టే. ఎక్కువసార్లు రాసినవారి పిల్లల్ని ముందు కలుసుకో. శిష్యుల్నీ, పుస్తకాలు అచ్చువేసిన ప్రెస్సువాళ్లనీ మరిచిపోకు. పర్లాకిమిడి 1936లో ఒడిశాలోకి వెళ్లినా రాకపోకలు ఆగలేదు కనుక అటు కూడా అడుగు. చావు కబురు తెచ్చిన కార్డుల కోసం మాత్రం వెతకకు. చదవగానే చింపేయడం మన ఆనవాయితీ.

ఎవరింటికి వెళ్లినా ఉత్తరాలు పట్టుకెళతానని అడగకు. అక్కడే, కిటికీ పక్కన, ఫ్లాష్ లేకుండా ఫోటో తీసుకో. రెండు వైపులా తియ్యి. ఇన్‌లాండు లెటరైతే మడతల మీదా, అంచుల్లో అడ్డంగా రాసినదీ, చిరునామా వైపూ వదలకు.

తీగకు గుచ్చిన కట్ట దొరికితే లాగకు. చిల్లు దగ్గర అక్షరాలు చిరిగిపోతాయి. తీగ వంపును కత్తిరించి, పైనుంచి ఒక్కొక్కటే తియ్యి. అడుగున ఉన్నది సాధారణంగా పాతది కాబట్టి ఆ వరసలోనే అంకె వెయ్యి, అదీ పెన్సిలుతో, కవరు మీద. గుండుసూదులు తీసేయి, మన సముద్రపు గాలికి తుప్పు కాగితంలోకి దిగుతుంది. చెమ్మగా ఉంటే నీడలో ఆరబెట్టు. ఎండలో పెడితే సిరా వెలిసిపోతుంది. సెల్లోటేపు, లామినేషను వద్దేవద్దు. ఒకసారి అతికితే కాగితం చెడకుండా తిరిగి తీయలేం.

తేదీలే అసలు చిక్కు. పాతవాళ్లు ‘ఖర, మాఘ శుద్ధ దశమి’ అని రాసి ఊరుకుంటారు. ఖర నామ సంవత్సరం 1951 ఉగాదికి మొదలైంది గనక ఆ మాఘం 1952లో పడుతుంది. చాలామంది 1951 అని వేసేస్తారు. అరవై ఏళ్లకోసారి అదే పేరు తిరిగి వస్తుంది, కాబట్టి పోస్టు ముద్రతో సరిచూడు. ముద్ర చెరిగిపోతే చిరునామా చూడు. పిన్‌కోడు ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాతది. ‘శ్రీకాకుళం జిల్లా’ అని ఉంటే 1950కి ముందుది కాదు. ‘విజయనగరం జిల్లా’ అయితే 1979కి ముందుది కానేకాదు. స్టాంపు మీద అణాలుంటే 1957కి ముందు అచ్చైనది. ఊహించిన తేదీని గుర్తు తెలిసేలా బ్రాకెట్లో పెట్టు.

ఎత్తిరాసేటప్పుడు ఆయన భాషను దిద్దకు. మన వైపు పలుకుబడి ఎలా ఉంటే అలాగే ఉంచు. అర్థం కాని మాట దగ్గర ప్రశ్నార్థకం, వదిలేసిన చోట చుక్కలు పెట్టు. అప్పులూ, అలకలూ ఉన్న ఉత్తరాల సంగతి ఇంటి పెద్దలందర్నీ కూర్చోబెట్టి తేల్చు, నువ్వొక్కదానివే తీర్మానించకు.

అచ్చుకు ముందు హక్కుల సంగతి చూసుకో. కాగితం అందుకున్నవారిది, రాత మీద హక్కు రాసినవారిది. రాసినవారు పోయాక ఆ హక్కు వారసులకుంటుంది. వారు బతికుండగా అచ్చుకాని ఉత్తరాలైతే, మొదట అచ్చయిన ఏడాది తర్వాత అరవై ఏళ్లపాటు ఉంటుంది. తాతగారి రాతకు మీ ఇంట్లో వారసులందరూ సంతకం చెయ్యాలి. ఆయనకు ఇతరులు రాసినవి వెయ్యాలంటే వాళ్ల పిల్లల దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకో. ఫోటో తీసుకోవడానికి వెళ్లిన రోజే ఆ కాగితం కూడా వెంట పట్టుకెళ్లు.