ఫుడ్ సైన్స్ చదువుతున్న మేనకోడలికి

నల్లగొండ

బిడ్డా, మేనత్త ఆశీస్సులు.

మొన్న మీ అమ్మ ఫోన్ చేసి బాధపడింది. "ఏది పెట్టినా వంక పెడుతోంది వదినా, సద్దన్నం ముట్టొద్దంటుంది, ప్యాకెట్ చూస్తే కెమికల్స్ అంటుంది" అని. ఈ చదువులో చేరిన పిల్లలు చాలామంది మొదట్లో ఇలాగే ఉంటారు. ల్యాబ్‌లో సూక్ష్మజీవులను పెంచి చూశాక ఇంట్లో గిన్నెల మీద కూడా అనుమానం పుడుతుంది. ఫుడ్ ల్యాబుల్లో ఇన్నేళ్లు పనిచేసినదాన్ని కాబట్టి చెప్తున్నా, అక్కడే ఆగిపోకు.

ముందు "సహజమైతే మంచిది, కెమికల్ అయితే చెడ్డది" అనే మాటను మనసులోంచి తీసెయ్. దీనికి మన జిల్లాను మించిన పాఠం ఇంకెక్కడా దొరకదు. మర్రిగూడ, మునుగోడు వైపు బోరు నీళ్లలో ఉన్న ఫ్లోరైడ్‌ను ఏ ఫ్యాక్టరీ కలపలేదు. భూమిలోని రాళ్ల నుంచే కరిగి వచ్చింది. రంగు లేదు, వాసన లేదు. ఆ నీళ్లే ఎంతోమందికి పళ్లు గారపట్టించాయి, ఎముకలు వంచాయి. మరిగిస్తే పోతుందని కొందరు అనుకుంటారు. పోదు, నీళ్లు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. తాగే నీళ్లలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీళ్లు దొరకని చోట 1.5 వరకు ఒప్పుకోవచ్చని మన దేశ ప్రమాణం. దాన్ని తీసేయడానికి నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు వాడినవేమిటి? పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్. ఆ పద్ధతికి నల్లగొండ టెక్నిక్ అనే పేరు వచ్చింది. అందుకే ఏ పదార్థం పేరు విన్నా ఎంత ఉంది, రోజూ ఎంత లోపలికి పోతోంది, తినేది ఎవరు అని అడగడం అలవాటు చేసుకో.

పల్లీల సంగతీ ఇలాంటిదే. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోతే, కారణం వాటికి పెట్టిన పల్లి చెక్కలో (నూనె తీశాక మిగిలే పిప్పిలో) ఉందని తేలింది. బూజు తయారుచేసే ఆ విషమే అఫ్లాటాక్సిన్. వనపర్తి, గద్వాల వైపు రైతులు కాయను బాగా ఎండబెట్టాలని పట్టుబడతారే, అందులో పెద్ద సైన్స్ ఉంది. తేమ మిగిలితే బూజు వస్తుంది. వేయించినా ఆ విషం పూర్తిగా పోదు. ఇప్పుడు గానుగ నూనె మీద అందరికీ మోజు. గింజ మంచిదైతే నూనె కూడా మంచిదే. ఏరి తీసిన బూజు గింజలనే గానుగకు పంపితే మాత్రం ఆ విషం కొంత నూనెలోకి దిగుతుంది, రిఫైన్ చేయరు కాబట్టి అక్కడే ఉండిపోతుంది. ఈ మాట చెప్తే చుట్టాలకు నచ్చదు. అయినా చెప్పు.

ఇక ఇంటి వంట. నాయనమ్మ జొన్నపిండిలో మసిలే నీళ్లు ఎందుకు పోస్తుందో ఎప్పుడైనా అడిగావా? జొన్నలో గోధుమలా పిండిని సాగేలా పట్టి ఉంచే గ్లూటెన్ లేదు. వేడి నీళ్లకు పిండిలోని స్టార్చ్ ఉబ్బి జిగురవుతుంది, ఆ జిగురుతోనే రొట్టె విరగకుండా నిలుస్తుంది. నీ పుస్తకంలో ఒక అధ్యాయం అంతా ఆమె చేతిలో ఉంది. అలాగని పాతదంతా గొప్పదని కూడా అనకు. జొన్నే ప్రధానంగా తిని బతికిన పేదవాళ్లలో పెల్లాగ్రా అనే విటమిన్ లోపపు జబ్బు కనిపించింది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో డాక్టర్ గోపాలన్ బృందం దాన్ని పరిశీలించి, జొన్నలో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ ఉండటం కారణం కావచ్చని చెప్పింది. తర్వాత దాని మీద వాదోపవాదాలు జరిగాయి. నాకు మాత్రం అందులో ముఖ్యంగా కనిపించేది పేదరికం. రొట్టె పక్కన పప్పు, పాలు ఉన్న ఇంట్లో ఆ జబ్బుకు అంత చోటు ఉండేది కాదు.

సద్దన్నం గురించి నువ్వన్నదాంట్లో నిజం ఉంది. బాసిల్లస్ సెరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. వేడన్నాన్ని మూతపెట్టి ఎండాకాలం రాత్రంతా బయట వదిలేస్తే అవి పెరుగుతాయి, అవి వదిలే ఒక విషం మళ్లీ వేడిచేసినా పోదు. కానీ మీ అమ్మ చేసేది అది కాదు కదా. అన్నం ఆరబెట్టి మజ్జిగ పోస్తుంది. పులుపు పెరిగేకొద్దీ ఆ బ్యాక్టీరియాకు పెరగడం కష్టమవుతుంది. "తినొద్దు" అనే ముందు ఆమె ఎలా చేస్తుందో పక్కన నిలబడి చూడు. పులుపు ఎంతుందో చూపే పీహెచ్ పేపర్ తెచ్చి రాత్రి ఒకసారి, పొద్దున ఒకసారి ముంచి చూపించు. ఆమెకు ఎంత సంతోషమో చూడు.

ప్యాకెట్ల మీద కలిపిన పదార్థాలకు రాసే నంబర్లకు టెన్షన్ పడకు. 334 అంటే టార్టారిక్ యాసిడ్, మన చింతపండు పులుపంతా ముఖ్యంగా అదే. నువ్వు చూడాల్సింది ఉప్పు, చక్కెర, నూనె ఎంత ఉన్నాయన్నది.

పరీక్షలయ్యాక ఇక్కడికి రా. మీ ఇంట్లో తాగడానికి మిషన్ భగీరథ నల్లా నీళ్లే వాడుతున్నా, వంటకు ఇంకా చేను బోరు నీళ్లు తెస్తున్నారని మీ అమ్మ మాటల్లో తెలిసింది. వచ్చేటప్పుడు ఆ నీళ్లు ఒక లీటరు పట్టుకురా. గాజు సీసా వద్దు, ప్లాస్టిక్ సీసాలో పట్టు. ముందు ఆ నీళ్లతోనే రెండు మూడు సార్లు కడిగి, సీసా మీద తేదీ, బోరు ఎక్కడిదో రాయి. పరీక్ష ఇద్దరం కలిసి చేద్దాం.

మీ మేనత్త