ఇంజిన్ మారింది, ఆర్‌సీ మారలేదు

ప్రశ్న: హైదరాబాద్ కూకట్‌పల్లిలో ఉంటాను. గత దసరాకు ఒక పాత కార్ల డీలరు దగ్గర 2013లో రిజిస్టరైన బీఎండబ్ల్యూ 320డి డీజిల్ కారు రూ.11.5 లక్షలకు కొన్నాను. కొనే ముందు, ఇంజిన్‌లో వాల్వుల కదలికను పిస్టన్లతో జత కలిపే టైమింగ్ చైన్ సంగతి వాట్సాప్‌లో అడిగితే ‘నిరుడే మార్పించాం సార్, భయం అక్కర్లేదు’ అని జవాబిచ్చాడు. ఐదు నెలలకే ఔటర్ రింగు రోడ్డు మీద ఇంజిన్ ఆగిపోయింది. చైన్ తెగి వాల్వులు, పిస్టన్లు దెబ్బతిన్నాయన్నారు. డీలరేమో ‘ఉన్నది ఉన్నట్టుగా అమ్మాం, మీరు సంతకం పెట్టారు’ అంటున్నాడు. ఆ తర్వాత ఒక గ్యారేజీలో రూ.3.8 లక్షలు తీసుకుని 2009 నాటి కారులోని ఇంజిన్ బిగించారు. పికప్ లేదు, ఇంజిన్ లైటు ఆరడం లేదు. అడిగితే ‘రెండూ 1995 సీసీయే, ఆర్‌సీలో ఏమీ మార్చనక్కర్లేదు’ అంటున్నారు. ఇంటర్నెట్‌లో ఈ ఇంజిన్ లోపాల గురించి వచ్చినవన్నీ ప్రింటు తీసి జత చేశాను. కేసు కంపెనీ మీద వేయాలా, డీలరు మీదా, గ్యారేజీ మీదా? ఈలోగా బండి నడపవచ్చా?

జవాబు: మీరు చివరగా అడిగినదానికే ముందు జవాబు చెబుతాను. కేసులు నాలుగు రోజులు ఆగినా నష్టం లేదు, ఇది మాత్రం ఆగేది కాదు. బండి బయటికి తీయకండి.

ఆర్‌సీలో ఉన్న ఇంజిన్ నంబరు ఒకటి, బానెట్ కింద ఉన్నది మరొకటి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలోని వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన వాటికి భిన్నంగా ఉండేలా యజమాని వాహనాన్ని మార్చకూడదు. ‘ఇంజిన్ మార్చితే బండి రూపం మారదు కదా’ అని గ్యారేజీ వాళ్లు వాదించవచ్చు. కానీ అదే సెక్షన్ ఇంజిన్ మార్పును పేరు పెట్టి ప్రస్తావిస్తోంది. ముందస్తు అనుమతి లేకుండా అదే తయారీ, అదే రకం ఇంజిన్ మార్చుకునే వెసులుబాటు పదికి తగ్గకుండా రవాణా వాహనాలు ఉన్నవారికి, అదీ రాష్ట్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ఇస్తేనే ఉంటుంది. అలాంటివారు కూడా పద్నాలుగు రోజుల్లో రిజిస్టరింగ్ అధికారికి తెలియజేయాలి. సొంత కారున్న మీకు ఆ వెసులుబాటు కూడా లేదు. 2019 సవరణతో చేరిన 182ఏ సెక్షన్ నాలుగో ఉపవిభాగం కింద అనుమతి లేని మార్పుకు యజమానికి ఆరు నెలల వరకు జైలు గానీ, ఒక్కో మార్పుకు రూ.5 వేల జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. ఆ సెక్షన్‌లో ఉన్న మాట ‘యజమాని’. మెకానిక్ కాదు.

ఇక ‘రెండూ 1995 సీసీయే’ అన్న మాట. మీ కారులో ఉండాల్సింది ఎన్47 అనే కుటుంబానికి చెందిన రెండు లీటర్ల, నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజిన్. ఈ కుటుంబం 2007లో వచ్చింది. బోరు 84 మిల్లీమీటర్లు, స్ట్రోకు 90 మిల్లీమీటర్లు, దిమ్మ (సిలిండర్ బ్లాక్) అల్యూమినియం. 1, 3, 5 సిరీస్‌లలో, ఎక్స్1, ఎక్స్3లలో కూడా దీన్నే వాడారు కాబట్టి పాత ఇంజిన్ల బజారులో విరివిగా దొరుకుతుంది. చిక్కంతా అక్కడే. సీసీ ఒకటే అయినా శక్తి ఒకటి కాదు. 2009 నాటి 320డిలో 177 హార్స్‌పవర్, 350 న్యూటన్ మీటర్ల టార్క్. మీ తరం కారులో 184 హార్స్‌పవర్, 380 న్యూటన్ మీటర్లు. పాతదాని దిమ్మ మీద సాధారణంగా ఎన్47డి20ఏ అని, మీ తరం దాని మీద ఎన్47డి20సి అని చెక్కి, ఆ పక్కన వరుస సంఖ్య ఉంటుంది. టార్చిలైటు వేసి ఆ అక్షరాలు ఫొటో తీయించండి. ‘అదే రకం’ అవునా కాదా అన్న వాదనలో సగం ఆ ఒక్క ఫొటోతో తేలిపోతుంది.

డీజిల్‌ను చిమ్మే ఇంజెక్టర్లు మార్చినప్పుడు వాటి మీది సర్దుబాటు కోడ్‌లను ఇంజిన్ కంప్యూటర్‌లో ఎక్కించాలి. ఇంజిన్ తరమే వేరైతే సెన్సార్లు, వైరింగు, సాఫ్ట్‌వేరు కూడా కుదరాలి. మీ ఇంజిన్ లైటు ఆరకపోవడానికి కారణం ఈ వరుసలోనే ఎక్కడో ఉండవచ్చు. ఇంకో సంగతి గ్యారేజీ వాళ్లు ఆలోచించినట్టు లేదు. హైదరాబాద్‌లో బీఎస్-4 కాలుష్య ప్రమాణం 2010 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చింది. మీ కారు 2013లో రిజిస్టరైంది. 2009 నాటి ఇంజిన్ ఏ ప్రమాణం కిందిదో చూపించమని మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ అడిగితే జవాబు ఎవరు చెబుతారు?

అందువల్ల గ్యారేజీ మీద మీ కేసు గట్టిది. మీ కారుకు కుదరని వస్తువు అమ్మడం, పని సరిగా చేయకపోవడం, అనుమతి అక్కర్లేదని తప్పుదారి పట్టించడం, ఈ మూడూ 2019 వినియోగదారుల రక్షణ చట్టం కిందికి వస్తాయి. నోటీసులో రెండు దారులు చూపండి: సరైన రకం ఇంజిన్ సరైన కాగితాలతో బిగించి రవాణా శాఖ అనుమతికి సహకరించాలి, లేదా మొత్తం సొమ్ము తిరిగి ఇవ్వాలి. కాగితాలు అంటే ఆ ఇంజిన్ నంబరు రాసి ఉన్న జీఎస్టీ బిల్లు, అది ఏ కారు నుంచి వచ్చిందో ఆ కారు వివరాలు, ఆ కారు తుక్కుకు వెళ్లిందా, బీమా కంపెనీ వేలంలో పోయిందా అన్నదానికి రుజువు. ఇవేవీ లేకపోతే అది దొంగ బండి ఇంజిన్ కూడా కావచ్చు. తెలియక కొన్నవారిని చట్టం దొంగగా చూడదు. కానీ అనుమానించడానికి తగిన కారణం ఉండీ దగ్గర పెట్టుకుంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ తలుపు తడుతుంది. నా జవాబు చదివాక ‘నాకు అనుమానం రాలేదు’ అనడానికి మీకు వీలుండదు, అందుకే రాతపూర్వకంగా వెంటనే అడగండి.

ఇప్పుడు మీరు ప్రింట్లు జత చేసిన కంపెనీ సంగతి. అంత శ్రమ పడ్డారు గానీ, ఆ కట్ట మీకు మేలు కన్నా కీడే చేస్తుంది.

ఎన్47లో టైమింగ్ చైన్ ఇంజిన్ ముందు భాగంలో కాకుండా వెనక, ఫ్లైవీల్ వైపు ఉంటుంది. అది అరిగి సాగడం, దాన్ని దారిలో ఉంచే గైడ్లు విరగడం, చివరికి చైన్ తెగడం ఈ ఇంజిన్ విషయంలో చాలా దేశాల్లో వినిపించిన ఫిర్యాదే. దాన్ని చేరాలంటే గేర్‌బాక్సు దించాలి, చాలామంది మెకానిక్‌లు ఇంజినే కిందికి దించుతారు. అందుకే ఖర్చు అంత. ఇంతవరకూ మీ ప్రింట్లు సరైనవే. కానీ సగం కాగితాలు 2018లో దక్షిణ కొరియాలో కార్లు తగలబడిన సంగతివి. అక్కడి కారణం ఈజీఆర్ కూలర్ లీకు. పొగను చల్లార్చే ఆ భాగం నుంచి ద్రవం కారి, మసితో కలిసి అంటుకుంది. తనిఖీ కాని కార్లను రోడ్డెక్కనివ్వకుండా ఆ దేశ ప్రభుత్వం ఆ ఏడాది ఆగస్టులో ఆదేశించింది. దానికీ తెగిన మీ చైన్‌కూ సంబంధం లేదు. రెండూ కలిపి ఫిర్యాదులో రాస్తే అవతలి న్యాయవాది మొదటి వాయిదాలోనే మిమ్మల్ని ఏ లోపం గురించి మాట్లాడుతున్నారో తెలియని మనిషిగా చూపిస్తాడు.

అసలు అడ్డంకి వేరే ఉంది. 2019 చట్టంలో ‘ఉత్పత్తి బాధ్యత’ అనే అధ్యాయం వచ్చింది, డిజైన్ లోపానికి తయారీదారును నిలదీయవచ్చు అని చాలామంది చెబుతారు. నిజమే. కానీ ఆ అధ్యాయంలో ‘హాని’ అంటే మనిషికి గాయం, మరణం, ఇతర ఆస్తికి నష్టం వంటివి. ఆ వస్తువుకే కలిగిన నష్టం ‘హాని’ కాదని 2వ సెక్షన్ 22వ నిర్వచనం తేల్చి చెప్పింది. చైన్ తెగి ఇంజిన్ పోతే అది వస్తువుకే కలిగిన నష్టం. పైగా కంపెనీ వారంటీ గడువు ఎప్పుడో తీరిపోయింది. అమ్మింది వాళ్లు కాదు. తయారీ లోపమని నిరూపించాలంటే నిపుణుడి నివేదిక కావాలి, ఇంటర్నెట్ ప్రింట్లు చాలవు. ఆ పైన 2006లో మారుతీ ఉద్యోగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినట్టు, లోపమున్న భాగాన్ని మార్చి ఇవ్వాలి తప్ప మొత్తం కారును మార్చనక్కర్లేదు. మీ డబ్బు, మీ ఓపిక ఈ దారిలో పోసుకోవద్దనే నా సలహా. ఒక్క పని మాత్రం చేయండి: ఛాసిస్ నంబరు ఇచ్చి, మీ కారు మీద పెండింగులో ఉన్న రీకాల్ ఏమైనా ఉందా అని అధీకృత సర్వీసు కేంద్రంలో రాతపూర్వకంగా అడగండి.

మీ కేసుకు ప్రాణం డీలరు పంపిన ఆ ఒక్క వాట్సాప్ వాక్యం.

అది లేకపోయి ఉంటే నేను కాస్త వెనకాడేవాడిని. వస్తువుల విక్రయ చట్టం, 1930 ప్రకారం కొనేవాడే జాగ్రత్త పడాలి. కొనుగోలుదారు చూసుకుని కొన్నప్పుడు, ఆ పరీక్షలో బయటపడాల్సిన లోపాలకు అమ్మినవాడు జవాబుదారీ కాదు. ‘ఈ ఇంజిన్ చైన్ సమస్య లోకమంతా తెలుసు, ఇంటర్నెట్‌లో ఉంది, ఈయనా చదివాడు’ అని మీ ప్రింట్లనే చూపించి డీలరు వాదిస్తాడు. చూశారా, ఆ కట్ట ఎవరికి ఉపయోగపడుతుందో!

కానీ మీరు తెలుసు కాబట్టే అడిగారు. అతను తెలిసే జవాబిచ్చాడు. ‘నిరుడే మార్పించాం’ అన్నది పొగడ్త కాదు, అమ్మకపు కబురు కాదు, నిజమో అబద్ధమో తేల్చదగిన వాస్తవం. నోటీసులో మొదటి వాక్యం ఇదే కావాలి: చైన్ మార్చిన బిల్లు, తేదీ, అప్పటి కిలోమీటర్లు, పని చేసిన షెడ్డు పేరు ఏడు రోజుల్లో ఇవ్వండి. బిల్లు రాకపోతే అది అబద్ధపు హామీ, వినియోగదారుల చట్టంలో చెప్పిన అనుచిత వ్యాపార పద్ధతి. తెలిసీ చెప్పాడని తేలితే కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్ కింద మోసం కూడా. ‘ఉన్నది ఉన్నట్టుగా’ అన్న షరతు మామూలు లోపాలకు కొంత అడ్డు పడుతుంది గానీ, మోసానికి రక్షణ ఇవ్వదు. ఆ షరతే అన్యాయమని ప్రకటించమని మీరు అడగదలిస్తే మాత్రం అది వినియోగదారుల జిల్లా కమిషన్ పరిధి కాదు, రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి. నన్నడిగితే అంత దూరం వెళ్లనక్కర్లేదు.

బిల్లు తెచ్చాడనుకోండి, అప్పుడు తెగిన చైన్‌ను చూడాలి. నిరుడు వేసిన కొత్త చైన్‌కీ, ఏళ్ల తరబడి సాగి గైడ్లను కోసిన చైన్‌కీ తేడా చెప్పగల ఇంజినీరు దొరుకుతాడు. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయగానే వెనక నుంచి గరగరమనే చప్పుడు దీని మొదటి లక్షణం, వేడెక్కాక చాలాసార్లు తగ్గుతుంది. మీరు కారు చూడటానికి వెళ్లినప్పుడు ఇంజిన్ అప్పటికే వేడిగా ఉందా? గుర్తుంటే ఫిర్యాదులో రాయండి, గుర్తులేకపోతే ఊహించి రాయకండి.

డీలరు ‘నేను మధ్యవర్తిని మాత్రమే’ అనడం ఈ వ్యాపారంలో అలవాటు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న కేంద్ర నిబంధనల ప్రకారం పాత వాహనాల డీలరుకు రవాణా శాఖ అధికారపత్రం ఉండాలి. యజమాని తనకు వాహనం అప్పగించినట్టు పోర్టల్‌లో తెలియజేశాక డీలరునే యజమానిగా భావిస్తారు. ఆ రెండు కాగితాలూ కోరండి. లేవంటే అది కూడా మీకు ఉపయోగపడే సమాధానమే.

వాట్సాప్ సంభాషణ చెరపకండి, ఫోను మార్చకండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ధ్రువీకరణ పత్రం జత చేయాలి. స్క్రీన్‌షాట్ ఒక్కటే సరిపోదు.

బీమా మీద ఆశ పెట్టుకోవద్దు. యాంత్రిక వైఫల్యం, అరుగుదల మామూలు పాలసీలో మినహాయింపులు. ఇంజిన్ రక్షణ పేరుతో అమ్మే అదనపు కవరు సాధారణంగా నీరు చేరడం, కింద రాయి తగిలి ఆయిలు కారడం వంటి వాటికి. ఇంజిన్ నంబరు కలవని కారుకు రేపు ప్రమాదం జరిగితే సొంత నష్టం క్లెయిము మీద బీమా కంపెనీ కొర్రీ వేయడం ఖాయం.

మీ ఉత్తరంలో లేని ఒక ప్రశ్న నేను వేస్తాను. పాత ఇంజిన్ ఎక్కడుంది? గ్యారేజీ వాళ్లే తుక్కు కింద ఉంచుకుని ఉంటారు. ఈ రోజే వెళ్లి తెచ్చుకోండి, ఇవ్వనంటే రసీదుతో నోటీసు పంపండి. తెగిన చైన్, విరిగిన గైడ్ల ముక్కలు, ఆయిలు సంపులో దొరికినవి విడిగా మూట కట్టించండి. జిల్లా కమిషన్ 38వ సెక్షన్ కింద తగిన ప్రయోగశాలకు పంపాలంటే వస్తువు ఉండాలి కదా. అంతేకాదు, మీ ఆర్‌సీలోని నంబరు చెక్కి ఉన్నది ఆ దిమ్మ మీదే. అది ఇంకో బండిలోకి ఎక్కి ఎక్కడో పట్టుబడితే పోలీసులు వెతుక్కుంటూ వచ్చేది మీ ఇంటికి. దాన్ని మళ్లీ ఎవరూ విప్పే ముందు డీలరుకూ గ్యారేజీకీ తేదీ చెప్పి పిలవండి, రాకపోతే వీడియో తీయించండి.

డీలరు లావాదేవీ, గ్యారేజీ లావాదేవీ వేర్వేరు కాబట్టి రెండు ఫిర్యాదులు వేయడం మంచిది. గడువు కారణం పుట్టిన నాటి నుంచి రెండేళ్లు. మీరు నివసించే చోటి జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు, డీలరు ఉన్న చోటికి వెళ్లనక్కర్లేదు. కారు మీ పేరున కాకుండా మీ సంస్థ పేరున కొని ఉంటే ‘వాణిజ్య ప్రయోజనం’, అంటే వ్యాపారం కోసం కొన్నారు కాబట్టి మీరు వినియోగదారు కారు అన్న అభ్యంతరం వస్తుంది. డైరెక్టర్ వాడకానికి కొన్న ఖరీదైన కారు విషయంలో 2024 జూలైలో సుప్రీంకోర్టు ఆ అభ్యంతరాన్ని తోసిపుచ్చింది. న్యాయవాదిని పెట్టుకోకుండా మీరే వాదించుకోవచ్చు. చెల్లించిన ధరను బట్టి ఫీజు ఉంటుంది: గ్యారేజీ ఫిర్యాదు ఐదు లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు, డీలరు మీది పది నుంచి ఇరవై లక్షల మధ్య కాబట్టి రూ.400.