రాయించడం మీద సదస్సు: ఏ అంశం పెట్టాలి? – పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా డిగ్రీ కళాశాలలో తెలుగు, ఇంగ్లీషు శాఖలు కలిసి రెండు రోజుల జాతీయ సదస్సు పెట్టబోతున్నాయి. విషయం రచనా బోధన. ‘నూతన విద్యా విధానం నేపథ్యంలో రచనా బోధన – ధోరణులు, సవాళ్లు, అవకాశాలు’ అన్న పేరు అనుకుంటున్నాం. బాగుందా?
– అధ్యాపకురాలు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: బ్యానర్ మీదికి బాగానే ఉంటుంది. పత్రం రాసేవాళ్లకు మాత్రం దానితో పనిలేదు. అందులో ‘రచనా బోధన’ తీసేసి ‘గ్రంథాలయ నిర్వహణ’ అని పెట్టి చూడండి. తక్కిన మాటలన్నీ చక్కగా అతికిపోతాయి. అంటే అవి మీ విషయం గురించి ఏమీ చెప్పడం లేదన్నమాట. సదస్సుకు కావలసింది విషయం పేరు కాదు, ఆ విషయంలో ఇంకా తేలని ప్రశ్న. దానిమీద ఇద్దరు అధ్యాపకులు చెరో పక్క నిలబడి వాదించుకోగలగాలి.

ముందు ‘రచన’ అన్న మాట సంగతి చూద్దాం. తెలుగులో రచన అనగానే కథ, కవిత, రచయిత గుర్తొస్తారు. ఆహ్వానంలో ఆ మాట ఒక్కటే ఉంటే ఫలానా కవి కవిత్వంలో స్త్రీ, ఫలానా కథకుడి శిల్పం అంటూ పత్రాలు వచ్చిపడతాయి. తరగతిలో కూర్చున్న పిల్లవాడి చేత ఒక పేరా ఎలా రాయించాలన్నది ఎవరూ ముట్టుకోరు. పోనీ బి.ఇడి. పాఠాల్లోలాగా ‘లేఖనం’ అందామంటే కొందరు చేతిరాత, గుండ్రటి అక్షరాల వైపు వెళ్లిపోతారు. ‘విద్యార్థుల చేత రాయించడం’ అని విప్పి చెప్పడమే మేలు. ఇంగ్లీషు వాళ్ల చిక్కు వేరు. ‘టీచింగ్ రైటింగ్’ అంటే అక్కడ గ్రామరు, లెటర్ రైటింగు, రెజ్యూమే వచ్చి కూర్చుంటాయి. కాబట్టి ఒక భాషలో రాసి రెండో భాషలోకి దించకండి. రెండు ఆహ్వానాలూ విడివిడిగా రాయండి.

ఇక ఆ ప్రశ్న ఎక్కడ దొరుకుతుందంటారా? దిద్దిన నోటుపుస్తకంలో. మీ జిల్లా కుర్రాడు ‘మా ఊరి సెరువు ఎండిపోనాది’ అని రాశాడనుకోండి. ఎర్ర సిరాతో ‘సెరువు’ చెరువు అయింది, ‘ఎండిపోనాది’ ఎండిపోయింది అయింది, పదికి నాలుగు మార్కులు పడ్డాయి. చెరువు ఎందుకు ఎండిందో, ఎవరి మడికి నీళ్లందలేదో ఆ రెండు పేజీల్లో ఎక్కడా లేదు. లేదేమని అడిగిన ముక్క మార్జిన్‌లోనూ లేదు. ఇంటి మాట పుస్తకంలోకి వస్తే అది తప్పా? తప్పయితే ముందు దిద్దాల్సింది అదేనా? దిద్దాక తిరగరాయించకపోతే ఆ దిద్దడం ఎవరి కోసం? ఒక్క వాక్యంలోనే ఇన్ని ఉన్నాయి. 60 మంది తరగతిలో ఒక్కో వ్యాసానికి 8 నిమిషాలు పెడితే 8 గంటలు పడుతుంది. ఈ లెక్క అనుభవించని అధ్యాపకులు ఉండరు గనక ‘దిద్దిన తర్వాత ఏం జరగాలి?’ అని పెడితే రెండు శాఖల వాళ్లకూ చెప్పడానికి ఏదో ఒకటి ఉంటుంది.

ప్రకటించే ముందు చిన్న పరీక్ష పెట్టండి. బయటి కళాశాలల వాళ్లను ఆరుగురిని పట్టుకుని, అంశం మాత్రం చెప్పి, తలా రెండు పత్రాల పేర్లు రాసిమ్మనండి. 20 నిమిషాలు చాలు. వచ్చిన పన్నెండూ ఏ సదస్సులోనైనా చదవదగ్గవే అయితే అంశం మరీ వెడల్పు. నలుగురు తెల్లకాగితం ఇస్తే మరీ ఇరుకు.

ప్రశ్న: బ్రోచర్‌లో 32 ఉపాంశాలు ఇచ్చాం. ఎక్కువ ఇస్తే ఎక్కువ పత్రాలు వస్తాయి కదా?
– కన్వీనర్, వరంగల్

జవాబు: వస్తాయి. వాటిని ఎక్కడ చదివిస్తారు? ఉదయం 9:30 నుంచి సాయంత్రం 5 వరకు అంటే రోజుకు 7:30 గంటలు. మొదటి రోజు ప్రారంభ సభకు, కీలకోపన్యాసానికి 2 గంటలు, భోజనానికి గంట, టీలకు అరగంట పోతే 4 గంటలు మిగులుతాయి. రెండో రోజు భోజనం, టీలు, గంటసేపు ముగింపు సభ పోగా 5 గంటలు. మొత్తం 9 గంటల్లో గంటన్నర కార్యశాలకు తీస్తే ఏడున్నర గంటలు, అంటే 90 నిమిషాల సమావేశాలు ఐదు. పత్రానికి 15 నిమిషాలు, ప్రశ్నలకు 5 చొప్పున ఒక సమావేశంలో నాలుగు పత్రాలు పడతాయి. రెండు హాళ్లుంటే మొత్తం 40. ముఖ్య అతిథి ఆలస్యంగా వస్తే ఇందులోంచే కోత.

ఆ రెండు హాళ్లలోనే 120 పత్రాలు తీసుకుంటే మనిషికి ఏడున్నర నిమిషాలు. మైకు దగ్గరికి నడిచి రావడమూ అందులోనే. చదవడం మొదలుపెట్టేసరికి అధ్యక్షులు చీటీ పంపుతారు, ప్రశ్నలు ఎగిరిపోతాయి.

ఉపాంశాలు ఐదు చాలు. ఒక్కోదానికి రెండు సమావేశాలు వస్తాయి. వాటిని నామవాచకాలుగా కాక ప్రశ్నలుగా రాయండి: ‘పెద్ద తరగతిలో తోటివాళ్ల చేత దిద్దిస్తే ఏం నిలుస్తుంది, ఏం పోతుంది?’ చివర ‘మొదలైనవి’ పెట్టకండి. ‘సంబంధిత ఇతర అంశాలు’ అసలే వద్దు. పాత పత్రానికి కొత్త పేరు తగిలించి పంపేవాళ్లు దూరేది ఆ సందులోనే. సారాంశం 250 మాటలకు మించకూడదని, అందులో విద్యార్థి రాసిన వాక్యం ఒక్కటైనా పేరు లేకుండా ఉండాలని షరతు పెట్టండి. ఆ ఒక్క షరతుతో సగం వడపోత అయిపోతుంది.

ప్రశ్న: ఈసారి కృత్రిమ మేధ మీద పెట్టకపోతే వెనకబడిపోతామంటున్నారు. నిజమేనా?
– పరిశోధక విద్యార్థి, తిరుపతి

జవాబు: అంశం ఖరారయ్యాక సదస్సు జరగడానికి ఏడెనిమిది నెలలు, వ్యాససంపుటి రావడానికి మరో ఏడాది పడుతుంది. పరికరం పేరు మీద పెట్టిన అంశం అప్పటికి పాతబడుతుంది. చాట్‌జీపీటీ వచ్చింది 2022 నవంబరు 30న. మనిషి రాసిందా, యంత్రం రాసిందా అని కనిపెట్టడానికి దాన్ని తయారుచేసిన ఓపెన్ఏఐ సంస్థే 2023 జనవరిలో ఇచ్చిన సాధనాన్ని, సరిగ్గా చెప్పలేకపోతోందని జూలైలో తనే ఉపసంహరించుకుంది. ఆ ఆర్నెల్లలో ‘పట్టుకోవడం ఎలా’ అని సదస్సు తలపెట్టి ఉంటే? పరికరాన్ని వదిలి పనిని పట్టుకోండి. ‘ఇంటి దగ్గర రాసుకు రమ్మనడం ఇంకా ఎందుకు?’ అని అడగండి. యంత్రాలు మారినా ఆ ప్రశ్న ఉంటుంది.

ప్రశ్న: మన చరిత్రలోంచే అంశం తీసుకోవచ్చా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, విజయనగరం

జవాబు: తప్పకుండా. వ్యావహారిక భాషోద్యమం మొదలైందే బడి దగ్గర. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన గిడుగు వెంకట రామమూర్తి, పాఠశాలల ఇన్‌స్పెక్టరు జె.ఎ. యేట్స్ లేవనెత్తినవి బోధన చిక్కులు. 1911లో ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఏర్పడి గ్రాంథికం పక్షాన నిలిచింది. పరీక్షలో వ్యాసం ఏ తెలుగులో రాయాలన్నది ఆ తగాదాలో పెద్ద ముడి. ఒక ప్రమాదం ఉంది. ‘గిడుగు – భాషాసేవ’ అని పెడితే, అందులోనూ ఆయన జయంతి ఆగస్టు 29న పెడితే, 40 జీవితచరిత్రలు వస్తాయి. ‘పరీక్ష పేపరు ఏ తెలుగును ఒప్పుకుంటోంది: అప్పుడు, ఇప్పుడు’ అని పెట్టండి. పాత ప్రశ్నపత్రాలు, మూల్యాంకన సూచనలు తిరగేయక తప్పదు.

ప్రశ్న: విదేశాల్లోలా రెండు మాటల్లో, ఆకట్టుకునే పేరు పెట్టకూడదా?
– అధ్యాపకుడు, హైదరాబాద్

జవాబు: అమెరికాలో కాలేజీ స్థాయిలో రాయడం నేర్పేవాళ్ల సదస్సు సీసీసీసీ (కాన్ఫరెన్స్ ఆన్ కాలేజ్ కాంపోజిషన్ అండ్ కమ్యూనికేషన్) 1949 నుంచి నడుస్తోంది. 2015లో టాంపాలో వాళ్ల అంశం ‘రిస్క్ అండ్ రివార్డ్’. అందులో రాత ఊసే లేదు. సంస్థ పేరులోనే ఉంది గనక వాళ్లకు చెల్లింది. మీది కొత్త సదస్సు. ఆకట్టుకునే పేరు కావాలంటే పైన పెట్టుకోండి, కింద ఉపశీర్షికలో మాత్రం విద్యార్థి, రాత, తరగతి కనబడాలి. ‘నూతన విద్యా విధానం 2020’ తప్పనిసరి అని పైవాళ్లు పట్టుబడితే నిధుల దరఖాస్తులో రాయండి. పేరులోకి మాత్రం రానివ్వకండి.